మూడు తెరలకు ఒకే చదును

మా ముందు గదిలో సగం నా విమానం ఆక్రమించింది. మిగతా సగంలో అక్క మంచం. విమానం అంటే కంప్యూటర్‌లో నడిపేదే. చేతికో కర్ర, కాళ్లకు రెండు పెడళ్లు, ఎదురుగా ఒక తెర. ఆఫీసు నుంచి రాగానే దాని ముందు కూర్చుంటే నాకు కడుపు నిండినట్టు ఉంటుంది. దాన్ని ఎవరైనా ఆట అంటే ఒళ్లు మండుతుంది. అందుకే మా ఆవిడ ఆట అనే మాట తప్ప ఇంకో మాట వాడదు.

నేను జగదల్‌పూర్‌లో కరెంటు ఆఫీసులో పనిచేస్తాను. పుట్టింది మాత్రం దక్షిణాన అడవుల్లో, ఉసూర్ అవతల. అక్క ఇంకా అక్కడే వ్యవసాయం చేస్తోంది. మొన్న వానాకాలం నాట్లప్పుడు గట్టు మీద నుంచి జారి పడింది. నడుము పట్టేసి లేవలేకపోతే ఇక్కడికి తీసుకొచ్చాం. డాక్టరు రెండు నెలలు మంచం దిగొద్దన్నాడు. ఆ తర్వాత కొద్దికొద్దిగా కూర్చోవచ్చు గానీ, దూరం బస్సు ప్రయాణం ఊసే ఎత్తొద్దన్నాడు.

హైదరాబాదులో అక్క కూతురికి నెలలు నిండుతున్నాయి. ఆ పిల్లను అక్కడి డాక్టరమ్మ కదలొద్దంది. కాన్పుకు తల్లి పక్కన ఉండాలంటే విమానం ఒక్కటే దారి. గంటో గంటన్నరో కూర్చుంటే చాలు. అక్క ససేమిరా అంది.

అక్క మొండితనం కాదది. పోలీసు బలగాల హెలికాప్టర్ చప్పుడు వినబడితే మా ఊళ్లో ఆరుబయట ఉన్నవాళ్లంతా లోపలికి వెళ్లిపోయేవాళ్లం. తర్రెం క్యాంపు వైపు వెళ్లినా, ఇంకెటు వెళ్లినా, ఎక్కడో కాల్పులు జరిగి ఎవరికో ఏదో అయిందనే అర్థం. ఆ చప్పుడు వెంట మంచి కబురు వచ్చిన రోజు నాకూ గుర్తులేదు. అక్క దృష్టిలో రెక్కలున్నదైనా, నెత్తిన పంకా ఉన్నదైనా ఒకటే.

"సావంటే భయం లేదు తమ్మి. ఆ సప్పుడు కడుపుల కూసునుడు నాతోని గాదు," అంది.

ఇంట్లోనే నా విమానం చూపించి అలవాటు చేద్దామని నాకు తోచింది. నా తెర చూసి అక్క "టీవీ లెక్కనే ఉంది" అని అటు తిరిగి పడుకుంది. నిజమే, ఒక్క తెరలో ముందు అద్దం తప్ప పక్క కిటికీలు కనిపించవు. మూతపడిన ఒక కంప్యూటర్ సెంటర్ నుంచి రెండు పాత తెరలు తెచ్చాను. ఆదివారం పొద్దున్నే పని మొదలుపెట్టాను. పాత తెరల పిన్నులు నా కంప్యూటర్‌కు పట్టలేదు. బజారుకు పోయి రెండింటికీ అతికే పిన్నులు తెచ్చి తగిలిస్తే ఎడమ రెక్క కుడి తెర మీద, కుడి రెక్క ఎడమ తెర మీద ప్రత్యక్షమయ్యాయి.

"రెక్కలు అటుదిటు పెట్టుకోని ఏ పిట్టన్న ఎగుర్తదా?" అంది మా ఆవిడ, టీ గ్లాసు పెడుతూ.

దాన్ని సరిచేయడం తేలికే. కంప్యూటర్‌కు ఏది ఎడమో ఏది కుడో చెబితే వింటుంది. మా ఆవిడకు చెబితే వినదు. అసలు చిక్కు ఎత్తులతో వచ్చింది. నా తెర పెద్దది, పక్కవి రెండూ పొట్టివి. కొలిచి, చెక్క దిమ్మలు కోసి, వాటి కింద పెట్టాను. మూడింటి పైఅంచుల మీద మేస్త్రీల మట్టం ఆనించి చూశాను. బుడగ సరిగ్గా నడుమ నిలబడింది. ఇంత చక్కటి పని మా ఆఫీసులో ఎవడూ చేయలేడని నన్ను నేనే మెచ్చుకుని విమానం లేపాను.

అక్క ఎప్పుడు ఇటు ఒత్తిగిల్లిందో చూసుకోలేదు.

"ఏందిరా, నడిమి మడి కుంగింది?"

చూస్తే నిజంగానే నేలా ఆకాశమూ కలిసే గీత పక్క తెరల్లో పైకి, నడిమి తెరలో కిందికి ఉంది. కోపం వచ్చింది. తప్పు మనదైనప్పుడు వచ్చే కోపానికి ఊపు ఎక్కువ.

"మట్టం పెట్టి మరీ చూసినక్కా. ఎంట్రుకవాసి తేడా లేదు!"

"గట్లు సూసి మడి చదునంటవా? నీళ్లు సూడు."

మట్టం పక్కన పెట్టేశాను. దమ్ము చేశాక మడి చదునుగా ఉందో లేదో గట్టు ఎత్తు చూసి ఎవరూ చెప్పరు. నీళ్లు పెట్టి చూస్తారు. నీళ్లు ఎక్కడ లోతుగా నిలిస్తే అక్కడ మట్టి కుంగినట్టు. చిన్నప్పుడు అక్క వెనకాలే మోకాటి లోతు బురదలో నడిచి నేర్చుకున్న పాఠమే అది. నేను తెరల చట్రాలను కొలిచాను గానీ లోపలి బొమ్మను చూడలేదు.

దిమ్మలు మొత్తం తీసేశాను. "ఇప్పుడు పక్క మడులు కుంగినయి," అంది. వాటిని సగానికి కోయడం మొదలుపెట్టాను. అంత ముచ్చటపడి చేసిన దిమ్మలను కోస్తుంటే ప్రాణం ఉసూరుమంది. అక్క మంచం మీద నుంచే వేళ్లతో కొలత చెప్పింది. "ఒక్క వేలు లేపు. ఆగు. అర వేలు దించు." చివరికి ఆ గీత ఎడమ చివర నుంచి కుడి చివర దాకా, నల్లటి అంచుల వెనక నుంచి, ఒక్కటై సాగింది.

"గిప్పుడు నాటెయ్యొచ్చు," అంది అక్క. ఆ మాటకు నాకు కలిగిన సంతోషం ఏ ప్రమోషన్‌కూ కలగలేదు.

తను చదును చేసిన మడిలో దిగకుండా ఉండలేని మనిషి అక్క. కూర్చోవడానికి డాక్టరు ఒప్పుకోగానే తనే నా పక్కన కుర్చీ వేయమంది. చప్పుడు మాత్రం వద్దంది. స్పీకర్లు కట్టేసి రోజూ కాసేపు ఎగిరేవాళ్లం. ఇంద్రావతి మీదుగా వెళ్లాం. దక్షిణాన మా ఊరి దాకా వెళ్లాం. అక్కడ ఇళ్లు గీయలేదు, ఉత్త అడవే.

"మన ఊరు లేదా?"

"ఊరు గీయలేదక్కా. చెట్లు పెట్టిండ్రు."

"పోనీలే, చెట్లన్న ఉన్నయి."

రెండో వారం ఒక సాయంత్రం, "సప్పుడు పెట్టు, ఎంతుంటదో సూద్దాం," అంది. సన్నగా పెట్టాను. కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. కాసేపటికి ఇంకొంచెం పెంచమని చేత్తో సైగ చేసింది. ఆ హడావుడిలో నేను ముందు చూసుకోవడం మరిచి విమానాన్ని తిన్నగా చెరువులోకి దింపాను. అక్క నడుము పట్టుకుని మరీ నవ్వింది.

"ఆ పెద్ద విమానం నువ్వు నడపవు గద?" అని అడిగింది.

"నేనెందుకు నడుపుతానక్కా?"

"గట్లయితే ఎక్కుత."

నాకు సెలవు దొరకలేదు. మా ఆవిడే వెంట వెళ్లింది. దిగగానే అక్క ఫోన్ చేసింది. "కిటికీ చాట కంటే చిన్నగుంది. నీ విమానమే నయం," అని పెట్టేసింది. నాలుగో రోజు మనవరాలు పుట్టింది. మొదట ఎత్తుకున్నది తనేనట.

చింతపండు ఎండబెట్టే రోజుల్లో అక్క మళ్లీ విమానంలోనే తిరిగొచ్చింది. మరుసటి వారం జగదల్‌పూర్‌లో మా ఇంటి వాకిట్లో ఇద్దరం చింతకాయలు కొట్టి గింజ తీస్తున్నాం. పైన ఏదో ఎగురుతున్న చప్పుడయింది. నేను లేచి గడప దాటి లోపలికి వచ్చేశాను. ఎందుకు వచ్చానో నాకే తెలియదు, కాళ్లు వాటంతటవే వచ్చాయి. తిరిగి చూస్తే అక్క నా వెనక లేదు. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని వాకిట్లోనే నిలబడి పైకి చూస్తోంది.

"బయటికి రారా తమ్మి," అని పిలిచింది. "ఏ తల్లో, బిడ్డ కాన్పుకు పోతంది."