వెలిగిందా బాబూ?

తెనాలిలో రేపల్లె రోడ్డు మీద ఒక లైట్ల మేస్త్రీ ఉండేవారు. ఆయన పేరు నేనెప్పుడూ అడగలేదు. మా నాన్న నడిపిన పాత లారీకి ఇండికేటర్లు, పక్క లైట్లు వెలగడం మానేస్తే, వైర్లన్నీ మార్పించడానికి నిరుడు ఆయన షెడ్డుకే తీసుకెళ్లాను.

ఆయన ఒక్కరే పనిచేసేవారు. షెడ్డు వెనక గోడకు ఒక నిలువుటద్దం ఆనించి ఉండేది. డ్రైవరు సీటులో కూర్చుని స్విచ్చి వేసి, తల బయటకు పెట్టి, వెనక లైటు వెలిగిందో లేదో ఆ అద్దంలో చూసుకునేవారు.

"అద్దం ఎందుకండి? నేను చెప్తాగా," అని లారీ వెనక్కి వెళ్లాను.

"ఎడమది వెలిగిందా బాబూ?"

"వెలిగిందండి."

"కుడిది?"

"అదీ వెలిగిందండి. పక్క లైట్లు కూడా."

కాసేపాగి మళ్లీ మొదటినుంచీ అడిగారు. మూడోసారి కూడా అడిగేసరికి వైరింగులో ఏదో తేడా ఉందనుకుని ముందుకొచ్చాను. ఆయన స్విచ్చి మీద చెయ్యి ఉంచి, కళ్లు మూసుకుని కూర్చున్నారు.

"ఏంటండి, సరిగ్గా రాలేదా?"

"అంతా బానే ఉంది బాబూ. ఇదివరకు వెనక మా ఆవిడ నిలబడి చెప్పేది. ఆవిడ పోయాక ఈ అద్దమే. అద్దం పలకదు కదా."



"ఇంకోసారి వేయండి, నేను సరిగ్గా చూడలేదు," అని వెనక్కి నడిచాను.