అర్ధవృత్తం చెప్పిన మేడం

మా లెక్కల మేడం పోయారని జగ్గయ్యపేట నుంచి ఆవిడ చెల్లెలు ఫోన్ చేశారు. "చర్చి నుంచొచ్చి కుర్చీలో కూర్చుందమ్మా. మళ్ళీ లేవలా" అన్నారు.

నందిగామలో ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో మేడం నాకు సంభావ్యత చెప్పారు. సాయంత్రం ఇద్దరం జగ్గయ్యపేట బస్సెక్కేవాళ్ళం. సీటు దొరకగానే చెప్పులు విడిచి, కాళ్ళు పైకి ముడుచుకుని, సిలబస్‌లో లేనిది మొదలుపెట్టేవారు.

"నాణెం బోలెడుసార్లు ఎగరేసి ఫలితాలన్నీ కూడితే గంట ఆకారం వస్తుంది. కేంద్రీయ అవధి సిద్ధాంతం, నీకు తెలిసిందే. క్వాంటంలో అట్లా కాదు. ఏది ముందు కొలిచావు, ఏది తర్వాత కొలిచావన్నదాన్నిబట్టి జవాబు మారిపోద్ది. అయినా అట్లాంటివాటిని కూడుకుంటూ పోతే చివరికి ఓ ఆకారం నిలబడుద్ది. ఒక్కోచోట అది గంట కూడా కాదే, అర్ధవృత్తం!" అంటూ కిటికీ అద్దం మీది దుమ్ములో వేలితో గీసేవారు.

ఆవిడ పీహెచ్‌డీ అంశం అదే. పూర్తి కానివ్వలేదు. గైడు రిటైరయ్యాక వచ్చినాయన, "చిన్న ఊళ్ళో పాఠాలు చెప్పుకునేవాళ్ళకి క్వాంటం ఎందుకమ్మా? పనికొచ్చేదేదన్నా చేసుకోండి" అన్నారట. రిజిస్ట్రేషన్ పోయింది. మేడం మాత్రం చదవడం మానలేదు. "ఆయనకి అర్థంకాలేదే. ఆ మాట ఒప్పుకోడానికి ధైర్యం కావాలిగా" అనేవారు. అంతకుమించి తిట్టడం ఆవిడకు చేతకాదు. నాకు చేతనవును.

ఆ బస్సు పాఠాలే నన్ను యూనివర్సిటీ దాకా తీసుకెళ్ళాయి. అదే అంశంలో నాకు డాక్టరేట్ వచ్చిన ఏడాదే, పిల్లలు చేరడం లేదని కాలేజీలో లెక్కల గ్రూపు ఎత్తేసి మేడంని లైబ్రరీలో కూర్చోబెట్టారు. నేను వెళ్ళేసరికి పుస్తకాలకు అట్టలు అంటిస్తున్నారు. చేతులకున్న బంక తుడుచుకుని, నిలబడే నా థీసిస్ చదవడం మొదలుపెట్టారు.

"రెండో అధ్యాయంలో తొందరపడ్డావే" అన్నారు. కాసేపటికి కళ్ళద్దాలు తీసి, "బాగుంది" అన్నారు.

సంతాప సభ కాలేజీలోనే పెట్టారు. "గొప్ప మేధావిని కోల్పోయాం" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

నేను లేచాను. "లైబ్రరీలో పడేశాక ఆవిడకి ఒక్క క్లాసన్నా ఇచ్చారా సార్?"

ఆయన మంచినీళ్ళు తాగారు. "మేనేజ్‌మెంటు నిర్ణయమమ్మా, మా చేతుల్లో లేదు."

మేడం చెల్లెలు నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. అందరూ మౌనం పాటించాక సమోసాలు పంచారు.

మర్నాడు బస్సులోంచి కాలేజీ గేటు కనబడింది. మేడం ఫొటో ఉన్న ఫ్లెక్సీ మీదే అడ్మిషన్ల ఫ్లెక్సీ కట్టేశారు. గాలికి అది లేచినప్పుడల్లా కింద ఆవిడ నుదురు కాస్త కనిపించి, మళ్ళీ మూసుకుపోతోంది.