మంచుకొండ ఎక్కినామె ఎక్కడికి పోయింది?

పాలమూరు జిల్లా నుంచి వచ్చిన మాసమ్మ అశోక్ నగర్‌లో కట్టే ఇళ్లకు ఇసుక, కంకర మోసేది. పొద్దున పనిలోకి దిగితే దీపాలు పెట్టేదాకా గుక్కెడు నీళ్లు తాగేది కాదు. తాగితే పోవడానికి చోటు లేదు. మగవాళ్లకు ఏదో ఒక గోడ చాలు. ఆడవాళ్లకు మరుగు కట్టమంటే మేస్త్రీ రేపట్నుంచి రావద్దంటాడు. మూత్రంలో మంటని వెళితే డాక్టరు నీళ్లు బాగా తాగమన్నాడు. మాసమ్మ తలూపి వచ్చేసింది.

ఆ మధ్య ఆమె జగన్నాథరావు గారు కట్టిస్తున్న ఇంటి పనిలో ఉంది. ఆయన భార్య బాలత్రిపురసుందరి గారు మంచి మనిషి. చిక్కడపల్లిలో కిరాయికి ఉంటూ, రోజూ సాయంత్రం ఇక్కడికొచ్చి, పని ముగించిన కూలి ఆడవాళ్లకు అక్షరాలు నేర్పేవారు. ధైర్యం వస్తుందని ఒకరోజు మంచుకొండ ఎక్కినవాళ్ల కథ చదివి వినిపించారు. వాళ్లలో ఒక ఆడమనిషి కూడా ఉంది. అందరూ బాగుందన్నారు. మాసమ్మ నచ్చలేదంది.

"నిజంగా జరిగిందే మాసమ్మా," అన్నారావిడ.

"జరిగిందేమోనమ్మా. గని వాళ్లు మనుషుల్లెక్క లేరు. చాయ్ తాగుతరు, మంచు కరగబెట్టుకొని మల్ల తాగుతరు. ఒక్కలన్న లేచి పక్కకు పోరు. గా ఆడామె యాడికి పోయిందమ్మా?"

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. సుందరి గారు నాలుగు పేజీలు వెనక్కి తిప్పి చూసి, అలాంటివి పుస్తకాల్లో రాయరని చెప్పి పలకలు తీయమన్నారు.

తర్వాతి వారం స్లాబు. మిక్సర్ తిరగడం మొదలైతే పని ఆపరు. ఆఖరి తట్ట పడేదాకా ఇల్లాలు అక్కడే ఉండాలని, కొబ్బరికాయ ఆమే కొట్టాలని జగన్నాథరావు గారి పట్టుదల. గొడుగు కింద ఆవిడకు కుర్చీ వేశారు. మాసమ్మ తట్టకూ తట్టకూ మధ్య మర్యాదలు చేసింది. మజ్జిగిచ్చింది, చాయ్ తెప్పించింది, ఎండ గట్టిగుందని ఇంకో గ్లాసు నీళ్లు తాగించింది.

మధ్యాహ్నం దాటేసరికి సుందరి గారు కుర్చీలో నిలకడగా కూర్చోలేకపోయారు. భర్తనడిగితే ఇంకో గంటే అన్నారు. చివరికి మాసమ్మ చెవిలో చెప్పారు.

మాసమ్మ ముఖం ఏమాత్రం మారలేదు. "పుస్తకంల ఆడామె ఎట్ల జేసిందో గట్లనే జేయుండ్రి అమ్మా."

ఆవిడ గుర్రుగా చూశారు. అంతలోనే నవ్వొచ్చింది, నవ్వితే ఇంకా కష్టమైంది. ఇటుకల కుప్ప వెనక ముగ్గురు ఆడవాళ్లు పాత చీర అడ్డం పట్టి అటు తిరిగి నిలబడ్డారు.

"రోజూ ఇలాగేనా?" అని అడిగారు, ఇవతలికి వచ్చాక.

"చీర పట్టెటోళ్లుంటె ఇట్ల. లేకుంటె ఆపుకునుడే."

కొబ్బరికాయ కొట్టిన చేత్తోనే ఆవిడ భర్తకు తేల్చి చెప్పారు: రేపు మొదట మరుగుదొడ్డి, లేదంటే పై అంతస్తు స్లాబుకు మీరే ఈ కుర్చీలో కూర్చుని ఎన్ని గ్లాసులిస్తే అన్నీ తాగండి. మర్నాడే గొయ్యి తవ్వి, చుట్టూ రేకులు కొట్టారు. మాసమ్మ లోపలికెళ్లి గడియ పెట్టుకుంది. మేస్త్రీ అరుస్తున్నా తీరిగ్గా బయటికొచ్చింది.

ఆ ఇల్లు పూర్తయింది. ఇప్పుడామె నారాయణగూడలో మరో ఇంటికి మోస్తోంది. అక్కడ మరుగు లేదు. ఇల్లు కట్టించేవాళ్లు ముగ్గు పోసిన వెంటనే బోరు వేయిస్తారు, సిమెంటు బస్తాలు తడవకుండా గది లేపుతారు. వాటితోపాటే ఆడకూలీలకు గడియ ఉన్న తలుపుతో ఒక మరుగుదొడ్డి కట్టించండి. మీరు కట్టించేవాళ్లు కాకపోతే, మీ వీధిలో లేస్తున్న ఇంటి ముందు ఆగి ఆ యజమానిని అడగండి. సిగ్గుపడకుండా, నలుగురూ వినేలా అడగండి.