సూరయ్య కందెన గొట్టం

మా చిన్నప్పుడు... బండి దూరం వెళ్లాలంటే ముందు దాని చక్రాలు ఊడదీసేవారు. మా పాలేరు సూరయ్య బండి కింద దుంగ ఆనించి, ఇరుసు చివర గుచ్చిన కడసీల లాగి, చక్రాన్ని మెల్లిగా పక్కకి జరిపేవాడు. చక్రం ఊడిపోకుండా ఆపేది ఆ ఇనప మేకొక్కటే. దాన్ని కొబ్బరి పీచుతో తోమి మెరిపించడం నా పని.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. ముక్తేశ్వరం దగ్గర మా ఊరు. ధవళేశ్వరంలో ఆనకట్ట కడుతున్న రోజులు... మా వైపు ఇంకా కాలువలు రాలేదు. కొబ్బరికాయలన్నీ బండి మీదే అమలాపురం వెళ్లాలి.

సూరయ్యకి ఓ పద్ధతుండేది. ఇరుసుకి పట్టిన పాత జిడ్డు వెదురు బద్దతో గీకాలి, పీచుతో తుడవాలి, రవ్వంత ఇసక మిగలకూడదు. ఆ తర్వాతే కందెన... కాల్చిన గడ్డి మసి ఆముదంలో కలిపి, వెదురు గొట్టంలో పోసి బండి కింద వేలాడదీసేవాడు.

"ఇన్నిసార్లు ఆముదం పట్టిస్తే ఇరుసు ఏడవదా తాతా?" అని అడిగేదాన్ని.

"ఆయ్... మీలాగా మారాం చెయ్యదండి అమ్మాయిగారూ, గుటుక్కున తాగేస్తది" అని నవ్వేవాడు.

ఓ రోజు పొద్దున్న కాయలు బస్తాల్లోకి ఎత్తుతున్నారు. నేను ఆ గొట్టం ఊపుతూ గంతులేస్తుంటే మూత ఊడి కందెనంతా మట్టిపాలైంది. ఆముదం జాడీ కొట్టుగదిలో ఉంది, తాళంచెవి అమ్మ దగ్గరుంది. అడిగితే నాన్నగారికి తెలుస్తుంది. నాన్నగారి చెయ్యంటే నాకు హడలు.

వంటింటి వెనక గంజి కుండ, పక్కనే పొయ్యిలో మసి... రెండూ కలిపితే అచ్చం కందెనలాగే ఉంది. గొట్టం నింపేసేను.

సూరయ్య ఇరుసు శుభ్రం చేసేసరికి, కాయల బస్తాలు కట్టడానికి రమ్మని నాన్నగారు కేకేసేరు. "ఇవాళ కందెన మీరే పెట్టండి అమ్మాయిగారూ, మీకొచ్చు కదా" అన్నాడు వెళ్తూ. ఎన్నాళ్లుగానో ఆ మాట కోసం ఎదురుచూసిన పిల్లని... ఇరుసు రెండు కొసలకీ నా చేత్తోనే గంజి పూసేను. అతనొచ్చి చక్రాలు తోసి, కడసీలలు గుచ్చి, బస్తాలెత్తించి, బండి తోలుకెళ్లేడు.

మధ్యాహ్నానికి కబురొచ్చింది. దారిలో ఇరుసుకి పొగలొచ్చి, అది విరిగిందట. బండి ఒరిగి ఎడంపక్క ఎద్దు కాలు విరిగిందట.

సాయంత్రం సూరయ్య కాలినడకన వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"కందెనకిచ్చిన ఆముదం ఏం చేసేవురా? పట్టికెళ్లి మీ ఇంట్లో దీపాలు పెట్టుకున్నావా?" నాన్నగారు అరిచేరు.

సూరయ్య బొటనవేలి మీద నల్లగా ఎండిన పెచ్చు ఒకటుంది... ఇరుసు మీంచి గీకిన గంజి. స్తంభం పక్కనున్న నన్ను ఒక్కసారి చూసేడు. ఆ వేలు పైగుడ్డకి తుడిచేసుకున్నాడు.

"నేను తియ్యలేదండి అయ్యగారూ" అన్నాడు. అంతే.

నేను నోరు విప్పలేదు.

మర్నాడు అతన్ని పనిలోంచి తీసేసేరు. పెళ్లాం పిల్లలతో ధవళేశ్వరం రాళ్లు మొయ్యడానికి వెళ్లిపోయేడని విన్నాం. మళ్లీ కనబడలేదు.

నాన్నగారు కన్నుమూసేదాకా అతన్ని దొంగనే అనుకున్నారు. మొన్న మా తమ్ముడు భోజనాల దగ్గర పిల్లలకి "ఆముదం దొంగ సూరయ్య" కథ చెప్పి నవ్వించేడు. నేను పక్కనే పప్పు వడ్డిస్తున్నాను. మళ్లీ ఊరుకున్నాను... అప్పుడంటే చిన్నపిల్లని, కొడతారని భయం. ఇప్పుడు ఈ ఇంట్లో నన్ను కొట్టేవాళ్లెవరు? తలుచుకుంటే తల ఎత్తుకోలేకపోతున్నాను.

అందుకే ఒక్క ముక్క దాచకుండా, జరిగింది జరిగినట్టు వరసగా రాసి, ముందు మా తమ్ముడి చేతికిచ్చేను, ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను. సూరయ్య ఆముదం తియ్యలేదు. ఒలకబోసింది నేను. గంజి పూసింది నేను. మాట్లాడనిదీ నేనే.

ఇప్పుడు కాలువలొచ్చేయి. కాయలు పడవలెక్కి వెళ్తున్నాయి. అమలాపురం బండిదారిలో గడ్డి మొలిచింది... ఆ దారిన బండ్లు తోలినవాళ్లని తలుచుకునేవాళ్లూ తగ్గిపోతున్నారు. మీరు చేసిన తప్పు నెత్తినేసుకుని వెళ్లిపోయినవాళ్లు మీకూ ఎవరైనా ఉంటే... వాళ్ల పేరు ఇక్కడ చెప్పండి. తప్పు వాళ్లది కాదని నలుగురికీ తెలియాలి కదండీ.