గోడ మీద నుంచి నా ఫోటో దింపుకొచ్చాను

ఏలూరులో మాది జాకెట్లు కుట్టే షాపు. ఆ రోజు ఒక టీచరు గారి పట్టు జాకెట్టు కత్తిరించడానికి నేల మీద కూర్చున్నాను. పనయ్యాక లేవబోతే ఊపిరి అందలేదు. టీచరు గారే రెండు చేతులూ పట్టుకుని లేపారు. "షమీమ్, మెడ చుట్టూ ఆ నలుపేంటమ్మా? షుగర్ టెస్టు చేయించుకున్నావా?" అని అడిగారు. మట్టేమో అనుకుని ఏడాదిగా సున్నిపిండి పెట్టి తోముతున్నాను నేను.

టెస్టులు చేయిస్తే మూడు నెలల షుగర్ సగటు, అదే హెచ్‌బీఏ1సీ, బోర్డర్‌లో ఉంది. స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్, గ్రేడ్ టూ. "బరువు తగ్గండి. లేకపోతే మందులు తప్పవు" అన్నారు డాక్టరు గారు. ఎలా తగ్గాలో చెప్పే తీరిక ఆయనకు లేదు.

తాడేపల్లిగూడెంలో మా ఆడపడుచు వెళ్లే బరువు తగ్గించే సెంటర్‌లో చేరాను. పొద్దున, సాయంత్రం పౌడర్ కలిపిన షేక్. మధ్యాహ్నం ఒక గుడ్డు, నాలుగు కీరా ముక్కలు. అన్నం మాటే ఎత్తకూడదు. మూడు నెలల్లో పద్దెనిమిది కిలోలు తగ్గాను. కోచ్ మేడం నా పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టి ఫ్రేము కట్టించి గోడకు తగిలించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నిజం చెప్పాలంటే నాకూ గర్వంగానే అనిపించింది.

అప్పటికే దువ్వెన నిండా జుట్టు ఊడి వస్తోంది. మిషను తొక్కుతుంటే కళ్లు తిరిగేవి. "ఒంట్లో చెత్త బయటికి పోతోందండీ, మంచిదే" అనేవారు మేడం. ఒక మధ్యాహ్నం కుడి డొక్కలో నొప్పి మొదలై వీపు దాకా పాకింది. ఒకటే వాంతులు. ఆస్పత్రిలో గాల్ బ్లాడర్ స్టోన్స్ అన్నారు. "ఈమధ్య బాగా వేగంగా బరువు తగ్గారా అమ్మా?" అని సర్జన్ గారు అడిగారు. చెప్పాను. "మరీ త్వరగా తగ్గినా ఇలా స్టోన్స్ రావచ్చు" అన్నారు. లాప్రోస్కోపీ చేసి గాల్ బ్లాడర్ తీసేశారు.

మామూలు తిండికి వచ్చాక ఏడాది తిరిగేసరికి తగ్గిందంతా వచ్చేసింది, పైన మరో మూడు కిలోలు. కోచ్ మేడం ఫోన్ చేసి, "మీకు పట్టుదల లేదండీ" అన్నారు. వారం రోజులు ఏడ్చాను. తర్వాత కోపం వచ్చింది. తాడేపల్లిగూడెం బస్సెక్కాను.

గోడ మీద నా ఫోటో అలాగే ఉంది. "మేడం, అది తీసేయండి" అన్నాను.

"ఎందుకండీ? ఎంతమందికి ఇన్‌స్పిరేషనో!"

"అయితే వీళ్లకి మూడో ఫోటో కూడా చూపించాలి కదండీ. ఇదిగో, నేనే వచ్చాను. పొట్ట మీద కుట్ల మచ్చలు కూడా ఉన్నాయి."

షేకులు పట్టుకుని కూర్చున్న ఆడవాళ్లంతా నా వైపే చూస్తున్నారు. స్టూలు లాక్కుని ఎక్కి నేనే దింపుకున్నాను.

ఆ తర్వాత ఆస్పత్రిలోనే డైటీషియన్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ డైట్ చార్టు కాగితం ఇవ్వలేదు. "మీ ఇంట్లో ఏం వండుకుంటారు?" అని అడిగారు. మా ఆయన కలిదిండి చెరువుల నుంచి చేప తెచ్చి అమ్ముతారని, రోజూ అన్నం, చేపల పులుసేనని చెప్పాను.

"ఇంకేం! అవే తినండి. కూరగాయలు, చేప ఎక్కువ. అన్నం ఒక్క కప్పు. వేపుళ్లు ఎప్పుడో ఒకసారి. టీలు ఎన్ని తాగుతారు?"

ఆరు. ఒక్కోదానిలో రెండు చెంచాల పంచదార. చెప్పడానికి నాకే సిగ్గేసింది.

టీలు రెండుకి దించాను. పొద్దున్నే కాలవ గట్టున నడక. ఒక నెల కిలో తగ్గేది, ఒక నెల ఏమీ లేదు. రంజాన్ నెలలో పెరిగింది కూడా. ఒక పెళ్లిలో మా అమ్మ చెల్లెలు నా కంచంలో ఒకే గరిటె బిర్యానీ చూసి, "మళ్లీ డైటింగా?" అని నవ్వింది. "కాదు ఖాలా, భోజనమే" అన్నాను.

ఇప్పటికి రెండేళ్లు. పద్నాలుగు కిలోలు తగ్గాను, అవి తిరిగి రాలేదు. హెచ్‌బీఏ1సీ నార్మల్. లివర్ గ్రేడ్ వన్‌కి వచ్చింది. ఇంకా లావుగానే ఉన్నాను. ఎవరికైనా ఇబ్బందిగా ఉంటే అది వాళ్ల ఇబ్బంది.

మీకెవరైనా డైట్ చెబితే ఒక్కటే అడగండి: "ఐదేళ్ల తర్వాత కూడా మా ఇంట్లో వాళ్లతో కూర్చుని నేను ఇలాగే తినగలనా?" సమాధానం సూటిగా రాకపోతే, ఒక్క పూట కూడా మొదలుపెట్టకండి.