నా దగ్గర బాగానే పనిచేస్తోంది

ఒక బటన్‌ను రెండు పిక్సెళ్లు ఎడమకు జరపబోయి కాలు విరగ్గొట్టుకున్నాను. పిక్సెల్ అంటే కంప్యూటర్ తెర మీద కనిపించే అన్నిటికన్నా చిన్న చుక్క. రెండు చుక్కలు కలిపినా చీమ తలకాయంత ఉండవు.

ఎండాకాలం పొద్దున. చంద్రపూర్‌లో మా ఇంటి వెనక మెట్ల మీద నిలబడి కూలర్‌లోకి పైపుతో నీళ్లు పడుతున్నాను. ఆ నెలల్లో మా ఊళ్లో కూలర్ నింపడం పళ్లు తోముకోవడం లాంటిది, మానేసిన రోజు ఇంట్లో అందరికీ తెలిసిపోతుంది. జేబులో ఫోన్ మోగింది. నేను వెబ్‌సైట్లు చేసిపెట్టే కంపెనీ పుణెలో ఉంది, నేను ఇంటినుంచే పనిచేస్తాను. అక్కణ్ణుంచి మా మేనేజర్ మెసేజ్: ‘అర్జెంట్. బటన్ రెండు పిక్సెళ్లు ఎడమకు.’ చదివాను. నమ్మకం కలగక మళ్లీ చదివాను. ఈలోగా కూలర్ నిండి, పొర్లి, మెట్లు తడిశాయి. బటన్ సంగతేమో గానీ నేను మాత్రం కుడికీ కిందికీ జరిగాను.

మూడే మెట్లు. లారీ గుద్దితే విరిగిన కాలికి ఒక గౌరవం ఉంటుంది. కోర్పనా దారిలో సున్నపురాయి లారీలు ఆ గౌరవాన్ని ధారాళంగానే పంచుతుంటాయి. కూలర్ నీళ్లలో విరిగిన చీలమండకు అలాంటిదేమీ ఉండదు. ఆటోలో నా పక్కన కూర్చున్న నా భార్య, బళ్లో పిల్లలకు చెప్పే గొంతుతోనే చెప్పింది.

“ఎట్ల పడ్డవో ఎవ్వరికీ చెప్పకు. బండి మీదికెళ్లి పడ్డడని చెప్త నేను.”

ఆపరేషన్ చేసి లోపల ఒక ప్లేటు పెట్టి స్క్రూలు బిగించారు. పైన కట్టు కట్టి, ఆరు వారాలు కాలు గుండె కంటే ఎత్తులో ఉండాలన్నారు. మర్నాడు మేనేజర్ వీడియో కాల్ చేశాడు. నాకంటే తొమ్మిదేళ్లు చిన్నవాడు. ఆయన వెనక ఎప్పుడూ సముద్రం, కొబ్బరిచెట్లు ఉంటాయి, అవి కంప్యూటర్ పెట్టిన బొమ్మ. ఆయన కదిలినప్పుడల్లా చెవి ఒకటి సముద్రంలో మునిగి తేలుతుంది.

“చాలా బాధగా ఉంది. చేతులకేమీ కాలేదుగా?” అన్నాడు మరాఠీలో.

“లేదు.”

“దేవుడున్నాడు.”

దేవుడు ఎవరి పక్షాన ఉన్నాడో ఆయన చెప్పలేదు. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకోవచ్చని మాత్రం చెప్పాడు. అలా కాలు దిండ్ల మీద, నేను కాల్ మీద ఉండిపోయాం. కాలుకూ కాల్‌కూ మధ్య ఒక్క కొమ్ము తేడా. నా బతుకులో అదీ లేకుండా పోయింది.

మా కంపెనీలో రోజూ పొద్దున ఒక మీటింగ్ ఉంటుంది. దాన్ని స్టాండప్ అంటారు. అందరూ నిలబడి మాట్లాడితే త్వరగా ముగుస్తుందని ఎవరో కనిపెట్టారట. మేం కూర్చుని మాట్లాడతాం కాబట్టి గంట పడుతుంది. నేను పడుకునే హాజరయ్యాను. నిన్న ఏం చేశారు, ఇవాళ ఏం చేస్తారు, అడ్డంకులేమైనా ఉన్నాయా అని మూడు ప్రశ్నలు. మూడోదానికి కెమెరాను కట్టు వైపు తిప్పాను.

“పనికి సంబంధించినవి చెప్పండి,” అన్నాడు కొబ్బరిచెట్ల మధ్యనుంచి.

ఆ పనేమిటో చెప్పాలి. మా ఊరివాళ్లు బొగ్గు తవ్వి బతుకుతారు, నేను బగ్గు తవ్వి బతుకుతాను. బగ్గంటే ప్రోగ్రాములో దాక్కున్న తప్పు. బొగ్గు ముట్టుకుంటే చేతులు నల్లబడతాయి, బగ్గు బయటపడితే మొహం. అప్పట్లో నేను చూస్తున్నది నాగపూర్‌లోని ఒక పెద్ద ఎముకల దవాఖానా సైటు. మొదటి పేజీలో ఒక ముసలాయన నవ్వుతూ పరుగెత్తుతుంటాడు, మోకాలు నీలంగా వెలుగుతుంటుంది. అలా వెలిగే మోకాలుతో ఎవరైనా నవ్వుతారా అని నేనెన్నడూ అడగలేదు. నా పని ఆయన కింద ఉన్న టోకెన్ బటన్. పేరు, ఊరు, జబ్బు రాసి దాన్ని నొక్కితే ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. ముప్పై సెకన్లలో ఆ అంకెలు కొట్టాలి. కొట్టకపోతే మళ్లీ మొదటినుంచి. మూడుసార్లు తప్పితే ఒక రోజంతా తలుపు మూత.

ముప్పై ఎవరు పెట్టారని మేనేజర్‌నూ దవాఖానా వాళ్లనూ తిట్టాలని చాలా ఉంది. పెట్టింది నేనే. ఎంతయినా పెట్టుకోవచ్చన్నారు. అరవై బద్ధకంగా కనిపించింది. పది మరీ పొగరుగా ఉంది. ముప్పై చురుగ్గా, చదువుకున్నదానిలా ఉందని పెట్టాను.

దాని మీద ఫిర్యాదులు వచ్చేవి. ‘నంబరు కొట్టేలోపు పోతోంది’ అని గోండ్‌పిపరీ నుంచి ఒకరు, వణీ నుంచి ఒకరు. నేను నా బల్ల దగ్గర, పక్కనే ఫోన్ పెట్టుకుని, పరీక్షించేవాణ్ణి. ఎనిమిది సెకన్లలో అయిపోయేది. అప్పుడు మా వృత్తిలో అందరూ రాసే వాక్యం ఒకటి రాసి ఫిర్యాదు మూసేసేవాణ్ణి: ‘నా దగ్గర బాగానే పనిచేస్తోంది.’ ఇంత తక్కువ శ్రమతో ఇంతమందిని అబద్ధాలకోరుల్ని చేసే వాక్యం ఇంకొకటి నాకు తెలీదు. రోజూ రాయలేక దానికి కీబోర్డులో రెండు మీటల షార్ట్‌కట్ పెట్టుకున్నాను. మా టీమ్ దాన్ని మెచ్చుకుంది.

నా భార్య బడికి పోతే ఇంట్లో మనిషి కావాలని కోర్పనా అవతల సరిహద్దు ఊరినుంచి మా చిన్నమ్మ వచ్చింది. పత్తి, సోయాబీన్ వేసే మనిషి. విత్తనాలకు ఇంకా సమయం ఉంది. వచ్చిన రోజే నా పక్కన కూర్చుని తెరలోకి తొంగిచూసి, పరుగెత్తే ముసలాయన్ను గుర్తుపట్టింది.

“ఏంరా, నువ్వు చేస్తుంది గీ దవాఖానదేనా?”

“అవ్ చిన్నమ్మా.”

“పోయినేడు నా మోకాలు చూపిచ్చుకుందమని దీంట్లనే రాసిన. నంబరు వస్తది. నేను అద్దాలు పెట్టుకునేటాల్లకు పోతది. నీకు ఫోన్ జేసి చెప్పిన గద.”

చెప్పింది. నేనేమన్నానో కూడా గుర్తుంది. నీ ఫోన్ పాతది చిన్నమ్మా, నా కాడ మంచిగనే నడుస్తుంది అన్నాను. కన్నతల్లి చెల్లెలికి కూడా షార్ట్‌కట్ కొట్టాను.

“మరి అటెన్క ఏంజేసినవ్?”

“ఏంజేస్త. బామ్నిల ఒకాయన నూనె ఇస్తడంటే తెచ్చుకోని రాసుకున్న. దానికి నంబరు అడగలే.”

కట్టు విప్పాక వాకర్‌తో నడవమన్నారు. ఎముక నొప్పి లేదు. కానీ అడుగు వేసిన ప్రతిసారీ చీలమండకు బయటివైపు బ్లేడుతో గీసినట్టయ్యేది. పది రోజులు పళ్లు బిగబట్టి నడిస్తే పాదం బూరెలా ఉబ్బింది. ఇది పోతుందా, లేక ఈ కుంటడమే నా నడకగా ఉండిపోతుందా అన్నదొక్కటే అప్పుడు నా భయం. మిగతా భయాలన్నీ కంపెనీవి. ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికి పోయాను. ఆయన కొత్త ఎక్స్‌రేను వెలుగుకు పెట్టి మురిసిపోయాడు.

“ఎముక ఎంత బాగా అతికిందో చూడండి.”

“నొప్పి ఉంది సార్.”

“ఉండకూడదు.”

“ఉంది.”

“ఫిల్మ్‌లో ఏమీ లేదు. ఇలాంటివాటికి నొప్పి మనసులో ఉంటుంది. ధైర్యంగా నడవండి, అదే పోతుంది.”

నా వైపు చూడలేదు, నా కాలు వైపు అసలే చూడలేదు. ఆ చూపు, ఆ మర్యాద, తర్వాతి మనిషిని పిలవడానికి గంట మీదికి పోయిన ఆ వేలు నాకు బాగా పరిచయమైనవే. ఆయనకూ ఎక్కడో రెండు మీటల షార్ట్‌కట్ ఉండి ఉంటుంది. దారి పొడుగునా ఆయన్ను తిట్టుకుంటూ వచ్చాను. సగం తిట్లు చిరునామా తప్పి నాకే చేరుతున్నాయని ఇంటికొచ్చాక తెలిసింది.

“నిన్ను నడిపిచ్చి చూసిండా?” అంది చిన్నమ్మ.

“లేదు.”

“మా బర్రె కుంటుకుంట పోతే గూడ డాక్టర్ ముందుగాల నడిపిచ్చి చూస్తడు. నువ్వు గంతకన్న కమ్మియా?”

పాదాలకూ మోకాళ్లకూ డాక్టరమ్మ ఒకామె నాగపూర్‌నుంచి రెండు వారాలకోసారి చంద్రపూర్ వచ్చి చూస్తుందని నా భార్య బళ్లో కనుక్కుని వచ్చింది. టోకెన్ ఆన్‌లైన్‌లోనే ఇస్తారట, పొద్దున తొమ్మిదికి తెరుస్తారట, కాసేపట్లోనే అయిపోతాయట. ఏ సైటని అడిగాను. నీలం మోకాలు ముసలాయనదని చెప్పింది.

పడగ్గదిలో ఒక్కటే ప్లగ్గు, అది కూలర్‌ది. అందుకని ఫోన్ ముందుగదిలో చార్జింగ్‌లో ఉంటుంది. మొదటిసారి బటన్ నొక్కగానే ముందుగదిలో టింగుమంది. వాకర్ పట్టుకుని, గీసుకుంటున్న చీలమండను ఈడ్చుకుంటూ వెళ్లి, అంకెలు చూసుకుని, మంచం దగ్గరికి తిరిగి వచ్చేసరికి తెర మీద ఎర్రటి అక్షరాలు: ‘సమయం మించిపోయింది. దయచేసి త్వరపడండి.’ ఆ ‘దయచేసి’ కూడా నేను పెట్టిందే. రెండోసారి ఫోన్ పక్కనే పెట్టుకున్నాను. కానీ పడగ్గదిలో సిగ్నల్ అంతంతమాత్రం. ఓటీపీ వచ్చింది, చచ్చాక వచ్చింది. మూడోసారి చిన్నమ్మను ఫోన్‌తో కిటికీ దగ్గర నిలబెట్టాను.

“చదువు చిన్నమ్మా.”

“ఆగు, అద్దాలు. ఆఁ. నాలుగు. మళ్లొక నాలుగు. గిది మూడా, ఎనిమిదా?”

“చిన్నమ్మా, జల్ది.”

“జల్ది జల్దంటే అంకె మారుతదారా?”

మారలేదు. తలుపు మూతపడింది. మర్నాటికి అది తెరుచుకుంది గానీ టోకెన్లు అయిపోయాయి. ఇంకో రెండు వారాలు. చిన్నమ్మ అద్దాలు డబ్బాలో పెట్టుకుంటూ అంది.

“నీ ఫోన్ గూడ పాతదే ఉన్నట్టున్నది.”

తర్వాత కొంచెం జాలి కలిగిందేమో, “నీ సైటే గద, లోపలికి పోయి నీ పేరు నువ్వే ఎక్కిచ్చుకో,” అని సలహా ఇచ్చింది. చేయొచ్చు, తాళంచెవి నా దగ్గరే ఉంది. నీతి అడ్డొచ్చిందని రాస్తే బాగుండేది. ఎవరు ఎప్పుడు ఏ పేరు ఎక్కించారో అక్కడ నమోదవుతుంది, అది అడ్డొచ్చింది.

మర్నాడు స్టాండప్‌లో అడ్డంకులేమిటని అడిగితే ఓటీపీ అన్నాను. ఫోన్ ముందుగదిలో పెట్టాను, ల్యాప్‌టాప్‌ను తలుపు వైపు తిప్పాను, సెకన్లు లెక్కపెట్టమన్నాను. ఆ మీటింగులో నిజంగా నిలబడిన మొదటి మనిషిని నేనే. వాకర్ టకటకలాడిస్తూ పోయి, ఫోన్ తీసుకుని, తిరిగి వచ్చాను. పన్నెండు మంది పన్నెండు చిన్న కిటికీల్లోంచి చూశారు. యాభై దాటింది.

“ఇది ఎడ్జ్ కేసు,” అన్నాడు మేనేజర్.

వెయ్యి మందిలో ఒకరికి వచ్చే తంటాను మేం అలా అంటాం, అంచు మీది కేసు అని. ఎముకల దవాఖానాకు కాలు విరిగినవాడు రావడం వెయ్యిలో ఒకటట. మిగతా తొమ్మిదివందల తొంభై తొమ్మిది మంది ఆ నీలం మోకాలు ముసలాయనతో పాటు పరుగెత్తడానికి వస్తారు కాబోలు. టీమ్‌లో ఎవరూ ఏమీ అనలేదు. వాళ్ల స్థానంలో నేనున్నా అనేవాణ్ణి కాదు.

“అది వదిలేయండి,” అన్నాడు. “దవాఖానా వాళ్లు ఒకటి అడిగారు. బటన్ ముందున్నచోటే బాగుందట. రెండు పిక్సెళ్లు కుడికి జరపాలి. అర్జెంట్.”

జరిపాను. జరిపేటప్పుడు అదే ఫైల్లో కిందెక్కడో ఉన్న ముప్పైని మూడు వందలు చేశాను. మా దగ్గర ఏ మార్పయినా మేనేజర్ చదివి సరేననాలి. ఆయన బటన్‌ను చూశాడు, చాలాసేపు చూశాడు, సరేనన్నాడు. బటన్ ఇప్పుడు ఎంతో బాగుందని దవాఖానా వాళ్లు ఉత్తరం రాశారు. ఒక్క సున్నా చేర్చే పనికి ఇన్నాళ్లు పట్టింది, అదీ దొంగచాటుగా. నా జీవితంలో చేసిన అతిపెద్ద సంస్కరణ ఇదే. మూసేసిన ఫిర్యాదుల జాబితా తెరిచి చూస్తే నా వాక్యం కిందికంటా పేర్చినట్టు కనిపించింది. ఆ రాసినవాళ్లకు ఇప్పుడు బాగైందని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది నేనే. కొందరికి రాశాను. ఒక్కరూ జవాబివ్వలేదు, వాళ్లూ నూనె తెచ్చుకుని ఉంటారు.

రెండు వారాలకు మళ్లీ తొమ్మిదైంది. చిన్నమ్మ తన మోకాలికి తన ఫోన్‌లోనే రాసింది. అద్దాలు పెట్టుకుంది, తుడుచుకుంది, మళ్లీ పెట్టుకుంది, మధ్యలో చాయ్ దించి వచ్చింది. ఆమె నంబరు నాకంటే ముందొచ్చింది.

ఆ శనివారం చిన్నమ్మ తర్వాత నేను లోపలికి పోయాను. ఎక్స్‌రే కవరు చాపితే డాక్టరమ్మ తీసుకోలేదు.

“అది తర్వాత. వాకర్ అక్కడ పెట్టి, గోడదాకా నడిచి రండి.”

ఆరడుగులు నడిచాను. ఆమె కుర్చీలోంచి లేచి, వంగి, మోకాళ్ల మీద కూర్చుని చూసింది. ఇంకోసారి నడిపించింది. తర్వాత చీలమండ బయటివైపు బొటనవేలితో ఒకచోట నొక్కింది. నేను పక్కనున్న పేషెంట్ల మంచాన్ని పట్టుకున్నాను.

“ఇక్కడేనా?”

“అక్కడే.”

“స్క్రూ తల పైకి తేలింది. అడుగేసినప్పుడల్లా పక్కనున్న నరానికి రాసుకుంటోంది. ఎముక అతికింది కదా, ఇక దాంతో పనిలేదు, తీసేద్దాం. తర్వాత మామూలుగా నడుస్తారు.”

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నొక్కినందుకేనని ఆమె అనుకుంది, నేనూ కాదనలేదు.

బయట బెంచీ మీద చిన్నమ్మ తన మోకాలికి రాసిచ్చిన గోలీల చీటీ మడతపెట్టుకుంటోంది.

“ఏమన్నది?”

“లోపలి స్క్రూ రాసుకుంటున్నదట చిన్నమ్మా. తీసేస్తరట.”

“బరం,” అని మరాఠీలో సరేనంది. చీటీ సంచిలో పెట్టుకుని, మోకాలి మీద చెయ్యానించి మెల్లగా లేచింది. “మరి గా డాక్టరుకు చెప్పు, నీ మనసులకెళ్లి స్క్రూ ఎల్లిందని.”