సైరన్‌కు ఉలిక్కిపడని తమ్ముడు

నా చిన్నప్పుడు, హిందీ మాట్లాడే ఉక్కు ఊళ్ళో, సిద్ధగోరాలో మేమున్న క్వార్టర్‌లో కంపెనీ సైరన్ మోగిందంటే వంటింట్లో గిన్నెలు కూడా గణగణలాడేవి. మాకది కాకి అరుపుతో సమానం. షిఫ్టు మారిందని తెలుసుకోవడానికి తప్ప దాన్నెవరూ పట్టించుకునేవాళ్ళం కాదు. అలాంటిది ఒక మధ్యాహ్నం ఆ కూతే మా అమ్మ గుండె ఆగినంత పని చేసింది.

తమ్ముడు పుట్టి అప్పటికింకా నెల కాలేదు. వాణ్ణి చూడ్డానికి పలాస నుంచి మా మేనత్త తన చంటిపిల్లను ఎత్తుకుని వచ్చింది. పిల్లలిద్దరినీ ఒకే దుప్పటి మీద పడుకోబెట్టారు. ఇంతలో సైరన్ మోగింది. అత్త ఎగిరిపడింది. ఆవిడ కూతురు కెవ్వుమని ఏడుపు లంకించుకుంది. మా వాడు మాత్రం హాయిగా నిద్రపోతూనే ఉన్నాడు.

"ఓలమ్మో! వదినా, ఈ గుంటడికి చెవులు ఇనపడవేటి?" అంది అత్త. ఆవిడ నోటికి ఎప్పుడూ అడ్డూ ఆపూ లేదు.

అమ్మ మొహం పాలిపోయింది. మా తాతయ్య జీవితమంతా ఆ కంపెనీ మిల్లు మోతలో పనిచేసి చెవులు పోగొట్టుకున్నాడు మరి. అది మోతవల్ల వచ్చిన చెవుడన్న సంగతే మరిచి, వీడికీ అదే వచ్చిందేమోనని అందరి చూపులూ ఆయన వైపు తిరిగాయి. మాట వినబడకపోయినా చూపులు అర్థమవుతాయి కదా! పాపం, ఆయన తలదించుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు.

అత్త పళ్ళెం తెచ్చి గరిటెతో వాయించబోయింది. మా నాయనమ్మ ఆ గరిటె లాగేసుకుంది. "సాల్లే! పసిగుడ్డుని బెదరగొడతావేటి? సైరన్‌కి నువ్వు అదిరావు, నీ కూతురు అదిరింది. మేమెవులమైనా అదిరామా? ఆడూ ఈ ఇంటోడే. అమ్మ కడుపులో ఉండగానే రోజూ ఇని ఇని అలవాటు పడిపోనాడు" అంది.

అమ్మకు నమ్మకం కుదరలేదు. కళ్ళనీళ్ళు కారుతూనే ఉన్నాయి. వాడు లేచి రాగం మొదలుపెట్టాక నాయనమ్మ నన్ను పిలిచింది. "ఓలే గుంటా, ఇలా రా. మీయమ్మ పొట్టకి ఆనుకుని రోజూ ఏటి సదివేదానివి? అదే సదువు."

నేను చదివేది ఎక్కాలు. లెక్కల్లో మొద్దునని, అమ్మ కడుపుతో ఉన్నన్నాళ్ళూ సాయంత్రం పూట నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, బడిలో నేర్పే హిందీ ఎక్కాలు వల్లె వేయించేది. సిగ్గుపడుతూనే తమ్ముడి పక్కన చేరి "దో ఏకం దో, దో దూనీ చార్" అని అందుకున్నాను. ఏడుపు టక్కున ఆగిపోయింది. వాడు నోరు తెరిచి, కళ్ళు నా వైపు తిప్పాడు. నేను ఆపగానే మళ్ళీ ఏడుపు ఎత్తుకున్నాడు. అందుకుంటే మళ్ళీ ఊరుకున్నాడు. అమ్మ ఏడుస్తూనే నవ్వేసింది. నాకైతే ఒళ్ళు పులకరించిపోయింది. నా ముఖం చూడకముందే నా గొంతు వాడికి తెలుసు!

నాయనమ్మ వాణ్ణి వరండాలోకి ఎత్తుకెళ్ళి తాతయ్య ఒళ్ళో పెట్టి, "ఇంటన్నాడయ్యా! మన గుంటడు బాగా ఇంటన్నాడు!" అని వీధంతా వినబడేలా అరిచింది. ఆ కేకకు తమ్ముడు ఉలిక్కిపడి మళ్ళీ గుక్కపట్టాడు. తాతయ్య వాణ్ణి గుండెకు హత్తుకుని చాలాసేపు ఎవరికీ ఇవ్వలేదు. మర్నాడు ఆస్పత్రిలోనూ చెవులు భేషుగ్గా ఉన్నాయన్నారు.

ఇప్పుడు బిర్సానగర్‌లో మా మనవరాలు కడుపుతో ఉంది, ఏడో నెల. ఇంట్లో మాటా మాటా పెరిగితే, లోపల ఒకరు వింటున్నారర్రా అని ముందు నేనే గదమాయిస్తాను. పొద్దున్నే ఆ పిల్ల పక్కన కూర్చుని, నేను మీ తాతమ్మనని, ఇవాళ ఇంట్లో ఫలానా కూరని, కడుపులో బిడ్డకు కబుర్లు చెబుతాను. "నానీ, ఫిర్ లాత్ మారా!" అని, అమ్మమ్మా మళ్ళీ తన్నిందంటూ, బిడ్డ తన్నినప్పుడల్లా మనవరాలు పకపకా నవ్వుతుంది. ఆ బిడ్డకు మాటలొచ్చి నాకు బదులు చెప్పేదాకా నేనుంటానో లేనో. అందుకే ఇప్పుడే మాట్లాడేస్తున్నాను.